హెడ్‌లైట్ అద్దాలు పసుపు పట్టి వెలుతురు తగ్గిపోయింది, ఏం చేస్తే నిలబడుతుంది?

ఘాట్‌దారి (తిరుపతి):
అందరికీ నమస్కారం. నాది 2012 మోడల్ డీజిల్ కారు. ఇంజను ఇప్పటికీ బంగారం, కానీ హెడ్‌లైట్ల వెలుతురు ఏడాదిగా తగ్గుతూ వస్తోంది. మొన్న శనివారం మదనపల్లెలో చెల్లెలి ఇంటి నుంచి రాత్రి తొమ్మిదిన్నరకు బయలుదేరాం. భాకరాపేట ఘాట్‌లో ఎదురుగా లారీ వచ్చింది, వాడు డిమ్ కొట్టాడు, నేనూ డిమ్ కొట్టా, అంతే, ముందు రోడ్డు ఉందో లేదో తెలియలేదు. తెల్ల గీత లేదు, పక్కన పిట్టగోడ లేదు. వెనక పిల్లలు నిద్రపోతున్నారు. లారీ దాటేదాకా బ్రేకు మీదే కాలు పెట్టి పాక్కుంటూ వచ్చాను, చేతులు చల్లబడిపోయాయి.

తిరుమలకు ఎన్నిసార్లు వెళ్లినా ఈ సంగతి నాకు తెలియలేదు. అక్కడ ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు, ఎదురు బండి రాదు కాబట్టి బ్రైట్ వేసుకుని వెళ్లిపోతుంటాం. డిమ్‌లో ఎంత కనబడుతుందో చూసే అవసరమే పడలేదు.

పొద్దున చూస్తే అద్దం మజ్జిగ తాగి కడగకుండా వదిలేసిన గ్లాసులా ఉంది. ఒక మెకానిక్ ఎల్‌ఈడీ వేసుకో అన్నాడు, ఇంకొకాయన డూమ్‌లు, అంటే హెడ్‌లైట్ డబ్బాలు, రెండూ మార్చాల్సిందే అన్నాడు. ఇంట్లోనే చేసుకుని బాగుపడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జీవకోన కుర్రోడు:
అన్నా, టూత్‌పేస్ట్ పెట్టి గుడ్డతో పది నిమిషాలు రుద్దు. నేను చేశా, తళతళలాడింది.

క్లియర్‌కోటు (రేణిగుంట రోడ్డు):
తమ్ముడూ, ఎన్నాళ్లు తళతళలాడిందో కూడా చెప్పు. నేను పద్దెనిమిదేళ్లుగా కార్ల పెయింటింగ్ పనిలో ఉన్నా, టూత్‌పేస్ట్ రుద్దినవాళ్లు రెండు మూడు నెలలకు నా దగ్గరికే వస్తారు.

అసలు సంగతి ఇదీ. మనం అద్దం అంటున్నాం కానీ అది అద్దం కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. రాయి తగిలితే పగలదు కానీ ఎండకు ఆగదు. అందుకే కంపెనీలో దాని మీద ఎండను ఆపే గట్టి పూత ఒకటి వేస్తారు. మన ఊరి ఎండకు కొన్నేళ్లలో ఆ పూత పొరలు పొరలుగా లేస్తుంది, కింద ప్లాస్టిక్ పసుపు పడుతుంది, మసకేస్తుంది. టూత్‌పేస్ట్‌లో ఉన్నది మెత్తటి గరుకు పొడి, పైపైన గీకుతుంది, అంతే. పాత పూత పూర్తిగా పోదు, కొత్త పూత రాదు. మెరుపు మాత్రం వస్తుంది, దాన్ని చూసి బాగైంది అనుకుంటాం.

చేయాల్సింది వాటర్ పేపర్ పని, అంటే నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ మెత్తగా ఉంటుంది. బండిని నీడలో పెట్టి, అద్దం చుట్టూ పెయింట్ మీద మాస్కింగ్ టేప్ రెండు వరసలు వేయండి, ఒక్క వరసైతే పేపర్ అంచు తగిలి చిరిగి బానెట్ మీద గీత పడుతుంది. పూత బాగా లేచిపోయి ఉంటే 800 నంబరు పేపర్‌తో మొదలుపెట్టాలి, మామూలు మసకైతే 1000 చాలు. బకెట్‌లో నీళ్లు, రెండు చుక్కల షాంపూ. పేపర్‌ను నానబెట్టి, ఎప్పుడూ తడి ఆరకుండా రుద్దాలి. మొదట కారే నీళ్లు పసుపుగా ఉంటాయి. ఆ పసుపు పోయి తెల్లటి పాలలాంటి నీళ్లు వచ్చేదాకా అదే నంబరు వదలొద్దు, చాలామంది ఇక్కడే తొందరపడతారు. తర్వాత 1500, 2000, 3000. ఒక నంబరు అడ్డంగా రుద్దితే తర్వాతి నంబరు నిలువుగా రుద్దండి, అప్పుడు పాత గీతలు పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. ఆరాక అద్దం మొత్తం తెల్లగా, బాత్రూం కిటికీ అద్దంలా అయిపోతుంది, కంగారు పడొద్దు, నీళ్లు చల్లి చూడండి, లోపల బల్బు స్పష్టంగా కనబడితే పని సరిగ్గా అయినట్టే.

ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, హార్డెనర్ (గట్టిపడేలా చేసే మందు) కలిపిన, ఎండకు ఆగే క్లియర్, అంటే రంగులేని పెయింట్, పల్చగా రెండు మూడు కోట్లు కొట్టాలి. ఇది వేయకపోతే పైన చేసిందంతా వృథా, ఎందుకంటే ఉన్న కాస్త పూతనూ మనమే గీకేశాం, ప్లాస్టిక్ ఎండకు బట్టలిప్పి నిలబడినట్టు ఉంటుంది, ముందుకన్నా త్వరగా పసుపు పడుతుంది. హార్డెనర్ కలిపిన క్లియర్ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు, గుడ్డ కట్టుకుంటే సరిపోదు, పెయింటర్లు వాడే ఫిల్టర్ మాస్క్ కావాలి. లేదంటే రుద్దే పని మీరు చేసుకుని, క్లియర్ మాత్రం షెడ్డులో వేయించుకోండి.

పలమనేరు సుధ:
నేను చేసిన తప్పు కూడా చెబుతా, ఇంకెవరూ చేయకుండా. వీడియోలో చూసి దోమల మందు క్రీము రాశాను. నిజంగానే ఒక్క నిమిషంలో మసక పోయి నీళ్లలా మెరిసింది, ఎంత సంతోషపడ్డానో. నెల తిరిగేసరికి అద్దం లోపలికి సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్లు వచ్చాయి, రాత్రి లైటు వేస్తే ప్రతి పగులూ మెరుస్తోంది, వెలుతురు నేరుగా పోకుండా చెదిరిపోతోంది. మొగిలి ఘాట్‌లో ఎదురు బండ్లవాళ్లు నాకు లైటు కొట్టి తిడుతూ వెళ్లారు. క్లియర్‌కోటు అన్నా, దీన్ని కూడా రుద్ది బాగుచేయొచ్చా?

క్లియర్‌కోటు (రేణిగుంట రోడ్డు):
లేదమ్మా. ఆ క్రీముల్లో డీట్ అనే మందు ఉంటుంది, అది ప్లాస్టిక్ పైపొరను కరిగిస్తుంది. మెరిసింది శుభ్రపడి కాదు, కరిగి. పగులు లోతుకు పోయి ఉంటే పేపర్ అందదు. ఒక మూల 800తో రుద్ది చూడండి, అక్కడ పగుళ్లు పోతే మిగతాది చేయొచ్చు, పోకపోతే డూమ్ మార్చడమే. పెట్రోలు, థిన్నర్ కూడా ఇంతే, అద్దం దగ్గరికి తేవద్దు.

వైరింగ్ మాట (చిత్తూరు):
పెయింట్ అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, కానీ అద్దం ఒక్కటే కారణం అనుకోవద్దు. పదేళ్లు దాటిన బండిలో వైరింగ్ కూడా అరిగి ఉంటుంది. ఇంజను ఆన్‌లో ఉంచి, లైటు వేసి, మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర వోల్టేజి ఎంత ఉందో, బల్బు హోల్డర్ దగ్గర ఎంత ఉందో కొలవండి. బ్యాటరీ దగ్గర 14 ఉండి హోల్డర్ దగ్గర 12.5 వస్తే మధ్యలో స్విచ్, కనెక్టర్, ఎర్త్ (బండి బాడీకి బిగించే వైరు) తినేస్తున్నాయన్నమాట. హాలోజన్ బల్బుకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుతురు పది కాదు, సుమారు ముప్పై శాతం పడిపోతుంది. నా దగ్గరికి వచ్చే బండ్లలో సగం ఎర్త్ పాయింట్ విప్పి తుప్పు గీకి బిగిస్తేనే బాగుపడతాయి. రిలే కిట్ (స్విచ్ మీద భారం పడకుండా కరెంటు కలిపే చిన్న పరికరం) వేసి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇస్తే ఇంకా మంచిది.

బల్బు హెచ్4 రకం (బ్రైట్, డిమ్ రెండూ ఒకే బల్బులో ఉండేది) అయితే 60/55 వాట్లే వేయండి. 100/90 వేసి హోల్డర్ కరిగిపోయిన బండ్లు ఎన్ని చూశానో. కొత్త బల్బు గాజును చేత్తో ముట్టుకోవద్దు, వేలి జిడ్డు అంటిన చోట వేడి పెరిగి త్వరగా పోతుంది.

ఎల్‌ఈడీ గురించి గట్టిగానే చెబుతా. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో (బల్బు వెనక వెలుతురును ముందుకు తిప్పే మెరిసే గిన్నెలో) ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు పుట్టే చోటు మారిపోతుంది, కిరణం ఎటుబడితే అటు పోతుంది. మీ బానెట్ ముందు తెల్లగా వెలుగుతుంది కాబట్టి ఎక్కువ కనబడుతున్నట్టు ఉంటుంది, దూరం కనబడదు, ఎదుటివాడికి మాత్రం కళ్లు పోతాయి. మసక అద్దం వెనక పెడితే ఇంకా ఘోరం.

పాత స్టీరింగ్:
ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాను నాయనా. అంబాసిడర్ల కాలంలో నిజంగానే గాజు ఉండేది, రాయి తగిలి పగిలేది కానీ పసుపు పట్టేది కాదు. మీరంతా రుద్దడం, పూయడం చెప్పారు, బాగుంది, కానీ డూమ్ విప్పి బిగించాక లైటు దిశ చూసుకోమని ఎవరూ చెప్పలేదు. సమంగా ఉన్న నేల మీద గోడకు 25 అడుగుల దూరంలో బండి పెట్టండి, నేల నుంచి బల్బు ఎత్తు కొలిచి గోడ మీద సుద్దతో గీత గీయండి. డిమ్ లైటు పై అంచు ఆ గీతకు రెండు అంగుళాలు కిందుండాలి. మనం ఎడమ పక్క నడిపేవాళ్లం కాబట్టి ఎడమ వైపు కాస్త పైకి లేచినా ఫర్వాలేదు, కుడి వైపు లేవకూడదు. వెనక సీటు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను ఉంటే బండి ముక్కు పైకి లేస్తుంది, స్టీరింగ్ దగ్గర 0 నుంచి 3 దాకా ఉండే చిన్న చక్రం దానికోసమే, బరువు పెరిగేకొద్దీ అంకె పెంచాలి. ఆ చక్రం ఎందుకుందో తెలియనివాళ్లే ఎక్కువ.

మన చిత్తూరు రోడ్ల మీద చెరకు ట్రాక్టర్లు వెనక లైటు లేకుండా పోతుంటాయి. వాటిని దూరం నుంచి పట్టించేది మన డిమ్ లైటే నాయనా, అందుకే ఇంతగా చెబుతున్నా.

జీవకోన కుర్రోడు:
పెద్దాయనా, ఆ చక్రం సంగతి నాకూ తెలియదు, ఇప్పుడే కిందికి వెళ్లి చూశాను, ఎవరు తిప్పారో గానీ నా బండిలో 3 మీద ఉంది. 0కి తెచ్చాను.

ఘాట్‌దారి (తిరుపతి):
ఆదివారం మొత్తం దీనికే పెట్టాను. పేపర్లు, టేపు, ఆల్కహాల్, షెడ్డులో క్లియర్ వేయించిన కూలి అన్నీ కలిపి పదకొండు వందలైంది. 1000తో రుద్దితే కాఫీ రంగు నీళ్లు కారాయి, మా చిన్నోడు పక్కన మగ్గు పట్టుకుని పోస్తూనే ఉన్నాడు. ఒక్కో అద్దానికి గంటన్నర పట్టింది, భుజం ఇంకా లాగుతోంది.

ఒక సంగతి గమనించాను. కుడి అద్దం చాలా ఎక్కువ చెడిపోయింది, ఎడమది అంత లేదు. ఆలోచిస్తే బండి రోజూ ఒకేలా పెడతాను, ఎడమ పక్క కాంపౌండ్ గోడ నీడ, కుడి పక్క సాయంత్రం దాకా పడమటి ఎండ. ఇకనుంచి ముందు భాగం మీద పాత దుప్పటి కప్పుతున్నా.

రాత్రి గోడ మీద చూస్తే కుడి లైటు అంచు కత్తితో కోసినట్టుంది. ఎడమది మాత్రం అద్దం స్పష్టంగా ఉన్నా వెలుతురు తక్కువే. హోల్డర్ దగ్గర 13.6 వస్తోంది, రెండు పక్కలా అంతే, బల్బులు అటూ ఇటూ మార్చినా ఎడమే తక్కువ. 2021 నవంబరు వానల్లో మా వీధిలో బండి ముందు భాగం దాకా నీళ్లు నిలబడ్డాయి. దానికీ దీనికీ సంబంధం ఉందా?

క్లియర్‌కోటు (రేణిగుంట రోడ్డు):
ఉంది. బల్బు తీసి ఆ కన్నంలోంచి టార్చ్ వేసి రిఫ్లెక్టర్ చూడండి. అద్దంలా మెరవకుండా బూడిద రంగులో ఉంటే, లోపలి అల్యూమినియం పూత నీటికి పోయినట్టు. పొరపాటున గుడ్డతో తుడవద్దు, మిగిలింది కూడా ఊడొస్తుంది. దాన్ని రుద్ది తేలేం, ఆ పక్క డూమ్ ఒక్కటి మార్చుకోండి, కుడిది ఉంచుకోండి. కొత్తది తెచ్చాక వెనక రబ్బరు మూత సరిగ్గా కూర్చుందో, గాలి గొట్టం మూసుకుపోలేదో చూసుకుని బిగించండి.

ఘాట్‌దారి (తిరుపతి):
టార్చ్ వేసి చూశా అన్నా. పై సగం బూడిదే. డూమ్ ఆర్డర్ ఇచ్చాను, శుక్రవారం వస్తుందట. అది బిగించేదాకా రాత్రిపూట ఘాట్ ఎక్కను.

పలమనేరు సుధ:
క్లియర్‌కోటు అన్నా, మీరు చెప్పినట్టు ఒక మూల రుద్దాను, కుడి దాంట్లో పగుళ్లు పోయాయి, ఎడమ దాంట్లో పోలేదు. ఆదివారం బండి తీసుకుని వస్తే చూస్తారా?

క్లియర్‌కోటు (రేణిగుంట రోడ్డు):
రండమ్మా, ఎండ ముదరకముందే, ఎనిమిదింటికల్లా. మధ్యాహ్నం వేడికి క్లియర్ సరిగ్గా పరుచుకోదు.