ఇంజనీరింగ్‌లో చేరుతున్న అమ్మాయికి ఏ ల్యాప్‌టాప్ కొనాలి?

ప్రశ్న (ఖమ్మం జిల్లా నుంచి ఒక తండ్రి)

సభ్యులందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయికి ఈ ఏడాది ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో హైదరాబాదు శివార్లలోని ఒక కళాశాలలో సీఎస్‌ఈ, అందులో ఏఐ, మెషిన్ లెర్నింగ్ విభాగంలో సీటు వచ్చింది. హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. నాకు ఎరువుల దుకాణం ఉంది. కంప్యూటర్ గురించి నాకు తెలిసింది బిల్లులు కొట్టేంత వరకే. ల్యాప్‌టాప్ కోసం 55,000 రూపాయల వరకు సర్దగలను, తప్పదని తేలితే ఇంకో అయిదు వేలు వేసుకోగలను.

దుకాణంలో రెండు చూపించారు. మొదటిది రైజెన్ 5 7520యు ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నది, ధర అందుబాటులోనే ఉంది. రెండోది గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్, అది నా బడ్జెట్ దాటిపోతోంది. ఏఐ చదివే పిల్లలకు గ్రాఫిక్స్ కార్డు లేకపోతే చదువు సాగదని దుకాణదారు గట్టిగా చెప్పారు. మా బావమరిది మ్యాక్‌బుక్ కొనమంటున్నాడు. మా తమ్ముడి కొడుకేమో కంపెనీలు వాడి తీసేసినవి చవకగా దొరుకుతాయి, అవి చాలంటున్నాడు. నాలుగేళ్లూ మళ్లీ ఖర్చు లేకుండా ఉండాలన్నదే నా కోరిక. తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం (కళాశాల కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేసే సభ్యుడు)

ముందుగా మీ అమ్మాయికి అభినందనలు చెప్పండి. మీరు కొనకముందే అడగడం మంచిదైంది. ఏటా మొదటి సెమిస్టరులో మా ల్యాబ్‌కు వచ్చే పిల్లల్లో, డబ్బు సరిపడా పెట్టి కూడా తప్పు యంత్రం కొనుక్కున్నవారిని చూస్తుంటాను. దానికి ముఖ్య కారణం ఒక్కటే, పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది చదివి, చిన్న అక్షరాల్లో ఉన్న పూర్తి మోడల్ నంబరు చదవకపోవడం.

దుకాణదారు చెప్పిన గ్రాఫిక్స్ కార్డు (బొమ్మలు, భారీ లెక్కలు వేగంగా చేసిపెట్టే అదనపు భాగం) సంగతి ముందు చూద్దాం. మొదటి సంవత్సరంలో ఆమె నేర్చుకునేవి సీ భాష, పైథాన్, గణితం, ఇంజనీరింగ్ డ్రాయింగు లాంటివి. రెండో సంవత్సరంలో డేటా స్ట్రక్చర్లు, జావా, డేటాబేసులు వస్తాయి. వీటిలో దేనికీ గ్రాఫిక్స్ కార్డుతో పని లేదు. మూడో సంవత్సరంలో మెషిన్ లెర్నింగ్ ప్రయోగాలు మొదలైనప్పుడు కూడా, పాఠ్యప్రణాళికలో ఉండే చిన్న డేటా సెట్లు మామూలు ప్రాసెసర్ మీదే నడుస్తాయి. న్యూరల్ నెట్‌వర్కులకు శిక్షణ ఇవ్వవలసి వచ్చినప్పుడు గూగుల్ కోల్యాబ్‌లో, కొన్ని పరిమితులతో, ఉచితంగానే గ్రాఫిక్స్ ప్రాసెసర్ దొరుకుతుంది, బ్రౌజరు ఉంటే చాలు. పైగా తక్కువ ధర గేమింగ్ ల్యాప్‌టాప్ సాధారణంగా రెండు కిలోల పైనే తూగుతుంది, దాని ఛార్జరు బరువు వేరు, ఛార్జరు తీస్తే కొద్ది గంటలకే ఆగిపోతుంది. రోజూ హాస్టలు నుంచి తరగతికి మోసుకెళ్లే పిల్లకు ఆ బరువు నాలుగేళ్ల భారం. ఎప్పటికైనా గ్రాఫిక్స్ కార్డు కావాలనే అనుకుంటే అది ఎన్విడియాదే అయి ఉండాలి, ఎందుకంటే మెషిన్ లెర్నింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ భాగం ఆ సంస్థ తయారుచేసిన కుడా అనే వేదికను ఆధారం చేసుకుని నడుస్తుంది. కానీ మీ బడ్జెట్‌లో దానికోసం డబ్బు పెడితే ర్యామ్‌లోనో (నడుస్తున్న పనులను కంప్యూటర్ పెట్టుకునే మెమరీ) తెరలోనో కోత పడుతుంది, అందుకే వద్దంటున్నాను.

ఇప్పుడు ప్రాసెసర్ విషయం, దీన్ని కాస్త ఓపికగా చదవండి. మీకు చూపించిన ఏఎండీ సంస్థ రైజెన్ 5 7520యు పేరులో 5 ఉంది, 7000 వరుసలో ఉంది కనుక కొత్తదనిపిస్తుంది. అయితే 7000 వరుస ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో లోపలి నిర్మాణం ఏ తరానిదో చెప్పేది నాలుగంకెల్లో మూడో అంకె. 7520లో మూడో అంకె 2, అంటే అది జెన్ 2 నిర్మాణం, 2019లో వచ్చిన డిజైను. 7530లో అది 3, అంటే జెన్ 3. 7640లో 4, అంటే జెన్ 4. 7520యులో నాలుగు కోర్లు (ప్రాసెసర్‌లో పనిచేసే విభాగాలు) మాత్రమే ఉంటాయి, 7530యులో ఆరు. రెండింటి పెట్టెల మీదా రైజెన్ 5 అనే ఉంటుంది, మధ్యలో ఉన్న ఈ తేడా ఎవరూ చెప్పరు. 7520యుతో వచ్చే ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ మదర్‌బోర్డుకే (లోపలి ప్రధాన బోర్డు) అతికించి సోల్డర్ చేసి ఉంటుంది, కాబట్టి 8 జీబీతో కొంటే చివరి వరకు 8 జీబీయే. నాలుగేళ్ల చదువుకు ఆ యంత్రం వద్దని నా గట్టి సలహా.

ఇంటెల్‌లోనూ ఇదే జాగ్రత్త అవసరం. నంబరు చివర యు అక్షరం ఉంటే తక్కువ విద్యుత్తుతో, తక్కువ వేడితో నడిచే రకం, బ్యాటరీ ఎక్కువ సేపు వస్తుంది. హెచ్ ఉంటే వేగం ఎక్కువ, వేడీ ఎక్కువే. కోర్ల సంఖ్యను మాత్రమే చూసి మురిసిపోకండి. ఐ5-1235యులో పది కోర్లున్నా వాటిలో రెండే వేగంగా పనిచేసే పెద్దవి, మిగతా ఎనిమిదీ చిన్నవి. ఐ5-13420హెచ్‌లో ఎనిమిదే ఉన్నా వాటిలో నాలుగు పెద్దవి. మీ అమ్మాయి పనికి ఈ రెండూ సరిపోతాయి, రైజెన్ 5 7530యు కూడా సరిపోతుంది. 2023 చివరి నుంచి ఇంటెల్ కొత్త ప్రాసెసర్ల పేర్లలో ఐ అక్షరం తీసేసి కోర్ 5, కోర్ అల్ట్రా 5 అని పిలవడం మొదలుపెట్టింది, దుకాణంలో ఆ పేర్లు విని కంగారు పడవలసిన పని లేదు.

అన్నిటికంటే నేను పట్టుబట్టేది ర్యామ్. 16 జీబీ ఉండాలి. విండోస్ 11 తానే మూడు నాలుగు జీబీ తీసుకుంటుంది, బ్రౌజరులో పది పేజీలు తెరిచి, పక్కన కోడ్ రాసే ఎడిటరు, ఒక వీడియో పాఠం పెట్టుకుంటే 8 జీబీ నిండిపోతుంది. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోను ఎమ్యులేటరుతో (కంప్యూటర్‌లోనే నడిచే నమూనా ఫోన్) కలిపి నడపాలంటే 16 జీబీ ఉండాలని గూగుల్ సంస్థే చెబుతోంది. 8 జీబీతో కొని తర్వాత పెంచుకోవచ్చునని ఎవరైనా అంటే, ర్యామ్ పెట్టే ఖాళీ స్లాటు ఉందో లేదో అక్కడికక్కడే చూడండి. టాస్క్ మేనేజరులో పెర్ఫార్మెన్స్ భాగం తెరిచి మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని నిండాయో సాధారణంగా కనిపిస్తుంది. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి కనుక, తర్వాత వేయించుకునేటప్పుడు చవకగా దొరుకుతుందన్న భరోసా కూడా ఇప్పుడు లేదు.

తెర గురించి దుకాణాల్లో ఎవరూ మాట్లాడరు, కానీ రోజుకు ఆరేడు గంటలు పిల్లల కళ్లు దాని మీదే ఉంటాయి. ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ రకం (ఏ పక్కనుంచి చూసినా రంగులు మారని తెర) అయి ఉండాలి. వివరాల్లో టీఎన్ అని ఉంటే తీసుకోకండి, కాస్త పక్కనుంచి చూస్తే రంగులు తిరగబడతాయి. వెలుగు 250 నిట్స్ (తెర వెలుగును కొలిచే ప్రమాణం) అని ఉంటే కిటికీ పక్కన కూర్చున్నప్పుడు అక్షరాలు మసకగా కనిపిస్తాయి, 300 దొరికితే మంచిది. తెర చూపగల రంగుల పరిధి 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటే రంగులు వెలిసినట్టుంటాయి, ప్రోగ్రామింగ్‌కు సర్దుకోవచ్చు. ఫైళ్ల నిల్వకు 512 జీబీ ఎన్‌వీఎంఈ (వేగవంతమైన రకం) ఎస్‌ఎస్‌డీ చాలు. బరువు 1.7 కిలోల లోపు, బ్యాటరీ 50 వాట్-అవర్స్‌కు దగ్గరగా ఉండేట్టు చూడండి.

సమాధానం (హాస్టల్లో ఉన్న ఆఖరి సంవత్సరం విద్యార్థిని)

అంకుల్, సర్ చెప్పినదానికి హాస్టలు అనుభవంతో రెండు మాటలు కలుపుతాను. టైప్-సీ పోర్టు ద్వారా ఛార్జింగ్ అయ్యే మోడల్ దొరికితే తప్పకుండా దానికే మొగ్గు చూపండి. ఛార్జరు పాడైనా, ఇంటి దగ్గర మరిచిపోయినా, తగినంత వాట్ల టైప్-సీ ఛార్జరు స్నేహితురాలి దగ్గర తీసుకుని ఆ రోజు గడుపుకోవచ్చు. హాస్టలు గదుల్లో ప్లగ్గు పాయింట్లు తక్కువ, అందరూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద పెడతారు, కనుక మంచి సర్జ్ రక్షణ (కరెంటు ఒక్కసారిగా ఎగసినా కాపాడేది) ఉన్న బాక్సు ఒకటి కొనివ్వండి. మూడు పిన్నుల ఛార్జరును రెండు పిన్నుల అడాప్టరులో పెట్టి వాడవద్దని కూడా చెప్పండి, ఎర్తింగ్ అందక లోహపు మూత ముట్టుకుంటే జివ్వుమంటుంది.

రెండోది వారంటీ గురించి. నేను రెండో సంవత్సరంలో ఉండగా, పరీక్షల ముందు రాత్రి గదిలో నీళ్ల సీసా నా కీబోర్డు మీద ఒలికిపోయింది. మామూలు వారంటీ తయారీ లోపాలకే గాని నీళ్లు పడినదానికి వర్తించదని ఆ రోజే తెలిసింది. మదర్‌బోర్డు మార్చడానికి నాన్న కట్టిన డబ్బు తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ప్రమాదవశాత్తూ జరిగే నష్టానికి వేరే రక్షణ పథకం ఉంటుంది. సాధారణంగా కొన్న కొద్ది రోజుల్లోనే, కంపెనీ నుంచే తీసుకోవాలి. హాస్టల్లో ఉండే పిల్లలకు అది అవసరమని నా అభిప్రాయం. ఇంజనీరు మన దగ్గరికే వచ్చి బాగుచేసే ఆన్‌సైట్ వారంటీ ఉందో లేదో కూడా అడగండి.

మరో ప్రశ్న (అదే తండ్రి)

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. మూడో అంకె సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మ్యాక్‌బుక్, పాతది కొనడం గురించి కూడా చెప్పండి. డబ్బు కొంత తక్కువ పడితే విద్యా రుణంలో దీన్ని చేర్చుకోవచ్చునా?

సమాధానం (ల్యాబ్‌లో పనిచేసే సభ్యుడు)

మ్యాక్‌బుక్‌లో ఎం1, ఆ తర్వాతి చిప్‌లున్నవి ప్రోగ్రామింగ్‌కు చాలా బాగుంటాయి, బ్యాటరీ రోజంతా వస్తుంది, అందులో సందేహం లేదు. అయితే ర్యామ్‌గాని నిల్వగాని తర్వాత పెంచడం కుదరదు, మీ బడ్జెట్‌లో కొత్తది రావడం కష్టం, చాలా కళాశాలల్లో ల్యాబ్ పరీక్షలు విండోస్ లేదా లినక్స్ మీదే జరుగుతాయి. అలవాటున్న యంత్రంతోనే ల్యాబ్‌లో కూర్చుంటే మొదటి సంవత్సరంలో పిల్లలకు ధైర్యంగా ఉంటుంది.

పాతది కొనడం తప్పేమీ కాదు, డబ్బుకు ఇబ్బంది ఉన్నవారికి నేనే చాలాసార్లు సూచించాను. కానీ విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, కాబట్టి విండోస్ 11 అధికారికంగా నడిచే యంత్రమే కొనాలి. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, ఆ పైనవి. కమాండ్ ప్రాంప్టులో బ్యాటరీ రిపోర్టు తీయించి, తయారైనప్పటి సామర్థ్యంలో ఇప్పుడెంత మిగిలిందో చూడండి, సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు కూడా ధరలో కలుపుకోండి. మీకు 55,000 సర్దుబాటు ఉంది కనుక, వారంటీతో కొత్తది కొనడమే మంచిదనుకుంటున్నాను.

విద్యా రుణం విషయానికొస్తే, భారతీయ బ్యాంకుల సంఘం నమూనా పథకంలో, కోర్సు పూర్తిచేయడానికి అవసరమైతే కంప్యూటర్ ఖర్చును సహేతుకమైన మేరకు చేర్చుకునే వీలుంది. మీ బ్యాంకు శాఖలో రుణ దరఖాస్తు వేసేటప్పుడే ఆ పద్దు రాయించండి, తర్వాత చేర్పించడం కష్టం. బ్యాంకు వారు కొటేషన్ అడగవచ్చు కాబట్టి, మంజూరు కాకముందే డబ్బు కట్టి కొనేయకండి.

ప్రశ్న (కాకినాడ నుంచి ఒక తల్లి)

నడుమ అడుగుతున్నందుకు క్షమించండి. మా అబ్బాయి మెకానికల్‌లో చేరుతున్నాడు. పై సలహా మాకూ వర్తిస్తుందా అండి?

సమాధానం (ల్యాబ్‌లో పనిచేసే సభ్యుడు)

ర్యామ్, తెర, వారంటీ సంగతులు అలాగే వర్తిస్తాయమ్మా. గ్రాఫిక్స్ కార్డు విషయంలో మాత్రం నా మాట మారుతుంది. సాలిడ్‌వర్క్స్, కాటియా, ఆన్సిస్ లాంటి మెకానికల్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు విండోస్ మీద నడిచేవి, పెద్ద త్రీడీ నమూనాలు తిప్పి చూసేటప్పుడు వేరే గ్రాఫిక్స్ కార్డు ఉంటే నిజంగానే ఉపయోగం. అందుకని మీ అబ్బాయికి మ్యాక్‌బుక్ వద్దు. మీరు తొందరపడకుండా, కళాశాలలో ఏ సాఫ్ట్‌వేర్ నేర్పుతారో సీనియర్లను అడిగి, కుదిరితే రెండో సంవత్సరం మొదట్లో కొనండి. ఆటోక్యాడ్ వంటి ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్‌ను విద్యార్థులు తమ అర్హతను నిరూపించుకుని ఉచితంగా వాడుకోవచ్చు, దొంగ కాపీలు వేయించుకోనివ్వకండి.

జవాబు (ఖమ్మం తండ్రి)

నిన్న సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు అమ్మాయిని తీసుకుని వెళ్లాను. నాలుగు దుకాణాలు తిరిగాం, ప్రతిచోటా ఆమే పూర్తి నంబరు చదివి కాగితం మీద రాసుకుంది. ఐ5-13420హెచ్, 16 జీబీ, ఐపీఎస్ తెర, టైప్-సీ ఛార్జింగ్ ఉన్నదొకటి, రైజెన్ 5 7530యు, 16 జీబీ ఉన్నదొకటి తేలాయి. రెండోది 1.6 కిలోలు, మొదటిది అంతకంటే కాస్త బరువు. కొటేషన్లు రెండూ తెచ్చుకున్నాం, సోమవారం బ్యాంకుకు వెళ్తున్నాను. కొనేటప్పుడు అక్కడ ఇంకేమైనా చూడాలా?

సమాధానం (ల్యాబ్‌లో పనిచేసే సభ్యుడు)

రెండూ మంచివే, ఎత్తి చూసి, కీబోర్డు మీద నాలుగు వాక్యాలు కొట్టి ఏది బాగుందో అమ్మాయినే చెప్పమనండి. సీలు ఉన్న పెట్టెను మీ ఎదురుగానే తెరిపించండి. ల్యాప్‌టాప్ అడుగున, పెట్టె మీద, బిల్లు మీద ఉన్న సీరియల్ నంబరు మూడుచోట్లా ఒకటేనా చూసి, దాన్ని కంపెనీ వెబ్‌సైటులో వేసి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడండి. నెలల క్రితమే మొదలైనట్టు కనిపిస్తే, బిల్లు తేదీ ప్రకారం సరిచేయించే బాధ్యత దుకాణదారు తీసుకున్నాకే డబ్బు ఇవ్వండి. విండోస్ లేకుండా డాస్ అనే పాతకాలపు వ్యవస్థతో వచ్చిందేమో కూడా గమనించండి, లైసెన్సు ఖర్చు అదనంగా పడుతుంది. తెరను పూర్తి తెలుపు, పూర్తి నలుపు చేసి చుక్కలేమైనా ఉన్నాయేమో చూడండి. జీఎస్టీ బిల్లు ఎవరి పేరు మీద ఉండాలో సోమవారం బ్యాంకులోనే అడిగి, అలాగే రాయించుకోండి.