అప్‌డేట్: బాచుపల్లి ఫ్లాట్ బేరం తెగింది

పోయిన నెల అడిగాను కదా, బాచుపల్లిలో కొత్త ఫ్లాట్, 1,450 చదరపు అడుగులు, అడుగు 6,500 అంటున్నాడు బిల్డర్, ఇది న్యాయమైన ధరేనా అని. మీలో చాలామంది ముందు కార్పెట్ ఏరియా అడగమన్నారు. అడిగితే 1,010 అన్నాడు! అంటే నిజంగా మనం కాలు పెట్టే చోటుకి అడుగు 9,300 పైమాటే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకోటి, అతనిచ్చిన కాగితంలో 5 శాతం జీఎస్టీ అని 4.71 లక్షలు వేసి ఉంది. బిల్డింగుకి ఓసీ (కట్టడం పూర్తయింది, ఇక ఉండొచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చేసింది, మేమింకా ఒక్క రూపాయీ కట్టలేదు, అలాంటప్పుడు జీఎస్టీ ఉండదుగా అంటే, "పాత ఫార్మాట్ సార్" అని నవ్వాడు. నాకైతే నవ్వు రాలేదు.

అసలు పనికొచ్చింది మాత్రం సాయంత్రం వెళ్లి, అదే బ్లాకులో అప్పటికే దిగినవాళ్లతో మాట్లాడటం, ఒకాయన 6,100కి కొన్నానని చెప్పేశాడు. బ్యాంకు వాల్యుయేషన్ కూడా 88 లక్షలే వచ్చింది.

చివరికి 6,150కి, పార్కింగ్ కలిపి, 89.17 లక్షలకి ఒప్పుకున్నాడు. రిజిస్ట్రేషన్ ఖర్చు వేరే. మా ఆవిడ ఇంకా 6,000 దగ్గరే ఉంది.