పిల్లలతో బయటికెళ్లినప్పటి నవ్వుల్ని ఎలా దాచుకుంటున్నారు?

మా పాపకి 4 ఏళ్లు, బాబుకి 2. జూకి తీసుకెళ్తే పాప ఏనుగును వదిలేసి చీమల బారు దగ్గర కూర్చుండిపోయింది, ఒక్కో చీమకీ టాటా చెప్పేదాకా లేవలేదు. వాడేమో జిరాఫీని చూసి "కిందికి దిగు!" అని ఒకటే అరుపు. పక్కనున్నవాళ్లంతా పడీపడీ నవ్వారు.

ఫోన్‌లో ఫొటోలు బోలెడున్నాయి, కానీ ఆ మాటలు వాటిలో రావు కదా. 3 ఏళ్లలోపు సంగతులు పెద్దయ్యాక దాదాపు గుర్తుండవు, అందుకే నాకీ తాపత్రయం. మీరు డైరీలో రాస్తున్నారా, అప్పటికప్పుడు వాయిస్ రికార్డు చేస్తున్నారా? ఇద్దరు పసివాళ్లను పట్టుకుని నిజంగా కుదిరే పద్ధతి చెప్పండి. ఇంకోటి, ఇలాంటివి నలుగురిలో చెబితే పెద్దయ్యాక పిల్లలు చిన్నబుచ్చుకుంటారా? పెద్ద పిల్లలున్నవాళ్లు చెబితే మరీ మేలు.