భూమిలోంచి పైకొచ్చే కరెంటు పైపును గోడకు బిగించాలా, కదలనివ్వాలా?

పల్నాటి రైతు:
మా బోరు స్టార్టర్ పెట్టె షెడ్డు గోడకు ఉంది. మీటరు స్తంభం నుంచి సుమారు 40 మీటర్లు, రెండడుగుల లోతున కందకం తీయించి, ఒకటిన్నర అంగుళాల పీవీసీ పైపులో కేబుల్ వేయించాను. పైపు నేలలోంచి లేచి పెట్టెలోకి వెళ్లే చోట వైర్‌మన్ గోడకు రెండు సాడిళ్లు (పైపును పట్టి ఉంచే పట్టీలు) బిగించాడు. రెండు వానాకాలాలు గడిచేసరికి కింది సాడిల్ మర గోడలోంచి ఊడివచ్చింది. పైపు కిందికి దిగి, దాని కొసకూ పెట్టె అడుగుకూ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు పడింది. ఆ సందులో కేబుల్ బిగుసుకుపోయి రేకు అంచుకు ఒరుసుకుంటోంది. పై తొడుగు తెగి లోపలి ఎర్ర తీగ కనిపిస్తోంది. ఇంకో సాడిల్ వేసి ఉంటే ఇలా జరిగేది కాదని వైర్‌మన్ అంటున్నాడు. రేగడి నేలలో అసలు బిగించడమే పొరపాటని మా బావమరిది అంటున్నాడు. తెలిసినవారు చెప్పగలరు.

గుంటూరు కాంట్రాక్టరు:
అయ్యా, ముందు స్తంభం దగ్గర మెయిన్ ఆపించండి. ఆ తీగ రేకుకు తగిలితే పెట్టె మొత్తానికి కరెంటు వస్తుంది, బోరు దగ్గర మనం నిలబడేది తడి నేల మీద. మిగతా మాటలు ఆ తరువాతే.

ఇక ప్రశ్నకు వస్తే, నేను మీ వైర్‌మన్ పక్షమే. గోడపై వేసే ఇనుప కండ్యూట్‌కు, అంటే తీగలు నడిపే పైపుకు, మీటరుకు మించని దూరంలో సాడిల్ ఉండాలని, బెండు (పైపు వంపు ముక్క), కప్లర్ (రెండు పైపులను కలిపే ముక్క) వంటివాటికి ఇరువైపులా 30 సెంటీమీటర్ల దగ్గర ఒకటి ఉండాలని వైరింగు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 732, 1989 నాటి కూర్పులో చెప్పింది. పీవీసీ ఇనుము కంటే మెత్తన, కాబట్టి దానికి పట్టు ఇంకా దగ్గరగానే కావాలి. భూమిలో పాతాం గనుక భూమే పట్టుకుంటుందనే వాదన నేను ఒప్పుకోను. పైపును గేదె రాసుకుంటుంది, నీళ్ల గొట్టం లాగేటప్పుడు కాలు తగులుతుంది. వదిలేసిన పైపు ప్రతి కుదుపునూ పెట్టె దగ్గరి గ్లాండుకు, అంటే కేబుల్ లోపలికి దూరే చోట దాన్ని పట్టి ఉంచే బిగింపుకు, చేరవేస్తుంది. మీ దగ్గర తప్పంతా కందకం పూడ్చడంలో ఉంది. తవ్విన గడ్డలను అలాగే నెట్టేసి ఉంటారు. అరడుగు మందాన పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టి ఉంటే అది అంతగా దిగేది కాదు.

డల్లాస్ ఇంజినీరు:
నేను నల్గొండ జిల్లా నుంచి వచ్చి టెక్సాస్‌లో విద్యుత్ డిజైన్ పని చేస్తున్నాను. ఇక్కడి నల్ల బంకమన్ను మన రేగడికి తోబుట్టువే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఇదే తగవు ఇక్కడా ఉంది. పీవీసీ కండ్యూట్‌ను పెట్టెకు 3 అడుగుల లోపు గట్టిగా బిగించాలని అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 352.30 చెబుతుంది. నేలలోంచి అడుగున్నర మాత్రమే లేచే పైపుకు భూమే ఆ పట్టు ఇచ్చినట్టు లెక్కించవచ్చా అనే దానిపై తనిఖీదారుల్లోనే ఏకాభిప్రాయం లేదు.

అయితే అదే కోడ్‌లో 300.5(జె) అనే నిబంధన కూడా ఉంది. నేల కుంగడం వల్లో, మంచు గడ్డకట్టి నేల లేవడం వల్లో కదలిక వచ్చే చోట తీగలకూ పెట్టెలకూ దెబ్బ తగలని విధంగా పైపును అమర్చాలని అది చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి చదవకపోవడం వల్లే వాదన ముదురుతోంది. పీవీసీ ఎండకు సాగడం ఇక్కడ పెద్ద సంగతి కాదు: మీటరు పైపు ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.06 మిల్లీమీటరు సాగుతుంది, అంటే నాలుగడుగుల పైపు 30 డిగ్రీల తేడాకు రెండు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. రెండు వేళ్ల సందు ఎండ పని కాదు, మట్టి పని. దిగిపోయే మట్టి బరువంతా భూమిలోని బెండు మీద పడి పైపును కిందికి లాగుతుంది. ఆ లాగుడుకు మూడో సాడిల్ కూడా ఊడుతుంది; అది ఊడకపోతే కంటికి కనిపించని భూమిలోపలి జాయింటు విడిపోతుంది, అది ఇంకా చెడ్డది. మీ షెడ్డు గోడకు పునాది ఉంది, కందకంలోని మట్టికి లేదు. రెండూ కలిసి కదలవు. అందుకే మధ్యలో జారే జాయింటు ఉండాలి, అంటే సన్న పైపు లావు గొట్టంలో అతికించకుండా పైకీ కిందికీ జారే అమరిక.

గుంటూరు కాంట్రాక్టరు:
బెండు మీద బరువు గురించి మీరు చెప్పింది నిజం. జాయింటు భూమిలోనే విడిపోవడం నేను రెండుచోట్ల తవ్వి చూశాను. కానీ జారే జాయింటు అంటే మన దగ్గర రెండు ఇబ్బందులు వస్తాయి. దానిలోకి వాననీరు, ఒండ్రు దిగుతాయి. పైగా అలవాటు కొద్దీ పనివాడు దానికి కూడా సొల్యూషన్ పూసి అతికించేస్తాడు, అప్పుడు అది ఉన్నా లేనట్టే.

డల్లాస్ ఇంజినీరు:
నీటి సంగతి అమరికలోనే తేలుతుంది. లావు గొట్టం పైన, సన్న పైపు కింద ఉండాలి. పైది కిందిదాన్ని టోపీలా కప్పితే వాన బయటికి జారిపోతుంది. పై గొట్టాన్ని పెట్టెకూ గోడకూ గట్టిగా బిగించండి. కింది పైపుకు వేసే సాడిల్ మాత్రం పక్కకు ఊగనివ్వకుండా, పైకీ కిందికీ జారనిచ్చేంత వదులుగా ఉండాలి. వానాకాలంలో రేగడి ఉబ్బి పైపును పైకి కూడా నెడుతుంది కనుక, జారే దూరం రెండు వైపులా మిగిలేలా సన్న పైపును లావు గొట్టంలోకి సగం దాకానే దించాలి. అన్నిటికంటే ముఖ్యం, పెట్టె లోపల కేబుల్‌ను ఒక చుట్టు వదులుగా ఉంచడం. పైపు జారినా కేబుల్‌కు సాగే వీలు లేకపోతే ఇంత పనీ వృథా.

గుంటూరు కాంట్రాక్టరు:
అలాగైతే పక్కకు పట్టు ఉంటుంది కాబట్టి నా అభ్యంతరం చాలావరకు తీరింది. పెట్టె గోడకు కాక, అదే కందకం పక్కన పాతిన రాతి కూసానికి ఉంటే మాత్రం నేను ఇప్పటికీ గట్టిగానే బిగిస్తాను, అక్కడ కూసం, పైపు దాదాపు కలిసే కదులుతాయి కనుక. కందకం దిమ్మిస చేయడంలో మాత్రం ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

పల్నాటి రైతు:
మెయిన్ ఆపించాను. తెగిన ముక్కకు టేపు చుట్టకుండా, గోడ దగ్గర తవ్వి బెండు జాయింటు చూసి, కేబుల్ మార్చి, లావు గొట్టం పైన వచ్చేలా అమర్చమని వైర్‌మన్‌కు చెప్పాను. సొల్యూషన్ డబ్బా ఆ జాయింటు దగ్గరికి రాకుండా నేనే పక్కన నిలబడతాను.