వృత్తి ఫొటోకి కోటు వేసుకోవాలా, వద్దా?

ప్రశ్న:
నేను స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. ఉద్యోగం మానేసి సొంతంగా కన్సల్టెన్సీ పెడుతున్నాను. వెబ్‌సైట్‌లో పెట్టడానికి స్టూడియోలో ఫొటో తీయించుకోవాలి. అందరూ నల్లకోటు వేసుకోమంటున్నారు. కోటు వేసుకుని నేను ఏనాడూ సైట్‌కి వెళ్లలేదు. హెల్మెట్ పట్టుకుంటే వేషం కట్టినట్టు ఉంటుందేమో! పైగా కళ్లజోడు. కెమెరా ముందు నిలబడితేనే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు 1:
కోటే వేసుకోండి. మన ముఖం చూసి జనం క్షణంలో ఓ అంచనాకి వచ్చేస్తారు. 2006లో విలిస్, టొడొరోవ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన పరిశోధనలో అందుకు సెకనులో పదోవంతు చాలని తేలింది.

జవాబు 2:
పోర్ట్రెయిట్లు తీయడమే నా పని. అంచనా ముఖాన్ని బట్టి అన్నప్పుడు కోటుతో పనేముంది? క్లయింటుతో మొదటి మీటింగుకి ఏం వేసుకుంటారో అదే ఇస్త్రీ చేసి వేసుకోండి. ఫొటోలో చూసిన మనిషే ఎదురుగా వచ్చి కూర్చోవాలి. అందుకే రీటచింగ్‌లో మొటిమ తీసేయనివ్వండి, ముడతల జోలికి మాత్రం పోనివ్వకండి.

పనిముట్టు పట్టుకోవడం వేషమేమీ కాదండీ. ఫొటోగ్రఫీ తొలిరోజుల్లో, లోహపు రేకుల మీద ఫొటోలు తీసిన డాగెరోటైప్‌ల కాలంలోనే వృత్తిపనివాళ్లు తమ పనిముట్లతో స్టూడియోకి వచ్చి ఫొటో దిగేవారు. జర్మన్ ఫొటోగ్రాఫర్ ఆగస్ట్ జాండర్ 1928లో తీసిన కేకుల మాస్టర్ ఫొటో వెతికి చూడండి. పొడవాటి తెల్లకోటు, చేతిలో పెద్ద గిన్నె, సూటిగా మనకేసి చూపు. ఆ నిలబడడంలోనే పనిమంతుడని తెలిసిపోతుంది! నాకు ఎంతో ఇష్టమైన ఫొటో అది. కాకపోతే కొత్తగా కొన్న హెల్మెట్ వద్దు, మీ చేతికి అలవాటైన వస్తువే ఉండాలి.

కళ్లజోడు తీయకండి. లైటు కాస్త పైకి జరిపి, కళ్లజోడు కాడలు చెవుల మీద కొంచెం లేపితే మెరుపు పోతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా అయితే 85 నుంచి 135 మి.మీ. లెన్స్‌తో, కనీసం రెండు మీటర్ల దూరం నుంచి తీయమనండి. మరీ దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదిగా కనిపిస్తుంది.

టెన్షన్ సంగతంటారా, తీసేవాళ్లతో మీ పని గురించి మాట్లాడుతూ ఉండండి. ఏ బీమ్ ఎందుకు కష్టమైందో చెప్పండి. పని మాటల్లో పడితే భుజాలు వాటంతటవే దిగుతాయి. నవ్వమని అడిగితే రాని ముఖం అప్పుడు వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
నా చేతిలో ఎప్పుడూ కొలిచే టేపు ఉంటుంది. చొక్కా చేతులు మడిచే పని చేస్తాను. అలాగే రావచ్చా?

జవాబు 2:
తప్పకుండా. ఆ పాత టేపే తీసుకెళ్లండి. చొక్కా మాత్రం మరీ తెల్లది కాకుండా లేత నీలం వేసుకోండి, చూపు ముఖం మీద నిలుస్తుంది.