ఇంటి లోపలి తలుపులకు నూనె ఎనామెలా, నీటి ఎనామెలా?

శ్రీకాకుళం నుంచి ఒక గృహస్థు:
మా ఇంట్లో ఏడు తలుపులున్నాయి. రెండు ఉద్దానం పనస కర్రతో చేయించినవి, మిగిలినవి టేకు. పన్నెండేళ్ల క్రితం వేయించిన తెల్లని నూనె ఎనామెల్ ఇప్పుడు పచ్చబడి, గడియల దగ్గర పెచ్చులు లేస్తోంది. మళ్లీ అదే వేయించాలా, నీళ్లతో పలుచన చేసే నీటి ఎనామెల్‌కు మారాలా అన్నది ఇంట్లో తేలడం లేదు. ఎక్కువ కాలం నిలిచేది ఏదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

విజయనగరం నుంచి ఒక రంగుల మేస్త్రీ:
నూనె ఎనామెలే వేయించండి. ఆరాక అది రాయిలా గట్టిపడుతుంది, కుంచె గీతలు వాటంతటవే సర్దుకుంటాయి, చేతి మరకలు తడిగుడ్డతో పోతాయి. నీటి ఎనామెల్ వేసిన ఒక ఇంట్లో వారం తిరగకముందే తలుపు ద్వారబంధానికి అతుక్కుపోయి, లాగితే రంగు పొరగా ఊడివచ్చింది. అది కళ్లారా చూశాక ఇంకొకరికి ఎలా చెప్పగలను?

విజయనగరం నుంచి మరొక గృహస్థు:
మేస్త్రీ గారూ, మీరు చూసినది నిజమే, కానీ అక్కడ చెడగొట్టినది తొందరపాటు అని నా అభిప్రాయం. నీటి ఎనామెల్ గంటలో చేతికి ఆరినట్టు తగిలినా, లోపలి దాకా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అంతవరకు తలుపును బిగించి మూయకుండా ఓరగా ఉంచాలి. ఇక నూనె ఎనామెల్ గాలిలోని ప్రాణవాయువును తీసుకుని గట్టిపడుతుంది, ఆ మార్పు ఆరిన రోజుతో ఆగదు. ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటుంది కనుకనే తెలుపు పచ్చబడుతుంది, వెలుతురు తగలని గదుల్లో మరీ ఎక్కువగా. మన తీరంలో వానాకాలం ఉబ్బి ఎండాకాలం ముడుచుకునే చెక్కతో పాటు కదలలేక, పెళుసెక్కిన ఆ పొర చెక్క ముక్కలు కలిసే కీళ్ల దగ్గర చిట్లుతుంది. నీటి ఎనామెల్‌కు కొంత సాగే గుణం ఉంది, పచ్చబడటమూ చాలా తక్కువ.

అయితే రంగు కన్నా నన్ను ఎక్కువగా బాధించేది తలుపు అడుగు అంచు, పై అంచు. బిగించాక అవి కనబడవు కాబట్టి వదిలేస్తారు. చెక్క నీటిని ఎక్కువగా పీల్చేది మాత్రం అక్కడే. తలుపు విప్పించి ఆ అంచులకు ప్రైమరు (రంగుకు ముందు వేసే తొలి పూత), రంగు వేయించనిదే ఏ డబ్బా కొన్నా ఫలితం ఉండదు.

గీకడం విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమలైంది. మీ రంగు అంతకు ముందుది. అందులో సీసం ఉండే అవకాశం ఉంది కనుక పొడిగా రుద్దించకండి. నీళ్ల కాగితంతో (తడిపి వాడే గరుకు కాగితం) తడుపుతూ రుద్దించి, పిల్లలను దూరంగా ఉంచి, ఆ బురదను తుడిచి పారవేయండి.

మేస్త్రీ:
అంచుల మాట ఒప్పుకుంటున్నాను, మేమూ వదిలేస్తుంటాం. కానీ పాత నూనె పొర మీద నీటి రంగు పట్టదు కదా? టేకు మాటేమిటి?

గృహస్థు (విజయనగరం):
నిగనిగ ఉన్నంతవరకు పట్టదు. మెరుపు పూర్తిగా పోయేదాకా రుద్ది, పాత పొర మీద పట్టే ప్రైమరు వేయాలి. నాలుగు రోజులాగి, ఒక మూల బ్లేడుతో అడ్డంగా, నిలువుగా గీసి, టేపు అతికించి లాగితే పట్టిందో లేదో తెలిసిపోతుంది. టేకులో సహజమైన నూనె ఉంటుంది, అది నూనె ఎనామెల్‌నూ సరిగా ఆరనివ్వదు. అందువల్ల చెక్క బయటపడిన చోట ప్రైమరుకు ముందు తిన్నర్‌తో తుడవాలి. గడప విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. పసుపు రాసి, రోజూ తొక్కే చోట లేత రంగు నీటి ఎనామెల్ మరకపడిపోతుంది. అక్కడ ముదురు రంగు నూనె ఎనామెలే మేలు.

శ్రీకాకుళం గృహస్థు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ముందుగా పెరటి గది పనస తలుపు ఒక్కటి విప్పించి, అంచులతో సహా నీటి ఎనామెల్ వేయిస్తాను. ఈ వానాకాలం గడిచాక కీళ్ల దగ్గర ఎలా ఉందో చూసి మిగిలిన ఆరింటి సంగతి తేలుస్తాం. గడపలు మేస్త్రీ గారు చెప్పినట్టే చేయిస్తాను.