పాత జీ41 మదర్‌బోర్డుకి కొత్త క్యాబినెట్ సరిపోతుందా? ఐఓ ప్లేట్ లేకపోతే ఏం చేయాలి?

వాల్తేరు_775 అడిగారు:

గిగాబైట్ జీ41 మదర్‌బోర్డు, 775 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు). బోర్డు బాగానే పనిచేస్తోంది. బీచ్ రోడ్డు దగ్గర ఇల్లు కావడంతో క్యాబినెట్‌ని ఉప్పుగాలి తినేసింది, వెనక పోర్టుల చుట్టూ ఉండే ఐఓ ప్లేట్ పట్టుకుంటే రాలిపోతోంది. ద్వారకానగర్‌లో అడిగితే ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) అడుగున పెట్టే క్యాబినెట్లే చూపిస్తున్నారు. బోర్డు కొలత 244 × 200 మి.మీ., స్క్రూ రంధ్రాలు ఆరే. ఇది కొత్త క్యాబినెట్‌లో కూర్చుంటుందా? ఐఓ ప్లేట్ లేకుండా వదిలేస్తే నష్టమా? డెల్ ఆప్టిప్లెక్స్ 755 బోర్డు కూడా ఒకటుంది. దాన్నీ ఇలాంటి దాంట్లోకే మార్చొచ్చా?

ఆటోనగర్_రిపేర్:

జీ41 భేషుగ్గా కూర్చుంటుందండి. బోర్డులకీ క్యాబినెట్లకీ ప్రమాణమైన ఏటీఎక్స్ కొలతల్ని ఇంటెల్ 1995లో ఖాయం చేసింది, దాని చిన్న రూపం మైక్రో ఏటీఎక్స్ 1997లో వచ్చింది. చాలావరకు రంధ్రాలు ఉమ్మడి. మీది వెడల్పు తగ్గించిన మైక్రో ఏటీఎక్స్, అందుకే ఆరు స్క్రూలు. అలాంటి బోర్డుకి ముందు వైపు అంచు కింద ఆధారం ఉండదు. 24 పిన్‌ల పవర్ ప్లగ్, సాటా కేబుళ్లు ఉండేది సరిగ్గా ఆ అంచు మీదే. గట్టిగా నొక్కితే బోర్డు వంగుతుంది, సోల్డర్ పగులుతుంది. ప్లగ్ పెట్టేటప్పుడు అంచు కింద వేలు ఆనించండి. 775 హీట్‌సింక్‌కి నాలుగు పుష్ పిన్‌లు కదా, వాటిని బల్ల మీదే బిగించి, నాలుగూ వెనకవైపు పూర్తిగా విచ్చుకున్నాయో లేదో చూశాకే బోర్డుని లోపల పెట్టండి.

ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డుని క్యాబినెట్ ట్రేకి తగలకుండా ఎత్తిపట్టే కాళ్లు) బోర్డుకి రంధ్రం ఉన్న చోటే ఉండాలి. బోర్డుని ట్రే మీద ఆనించి, ఆరు చోట్లా మార్కర్‌తో గుర్తు పెట్టుకుని, మిగతావి పీకేయండి. ఒక్కటి ఎక్కువ ఉండిపోయినా బోర్డు వెనక సోల్డర్‌కి తగులుతుంది. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ ఒక్క క్షణం తిరిగి ఆగిపోయిందంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. స్టాండాఫ్ ఎత్తు కూడా చూడండి, 6.35 మి.మీ.కి తగ్గకూడదు. స్క్రూలన్నీ బిగించకముందే ఏదో ఒక పీసీఐ కార్డు స్లాట్‌లో పెట్టి చూస్తే తెలిసిపోతుంది. కార్డు బ్రాకెట్ క్యాబినెట్ అంచు మీద సాఫీగా ఆనాలి. పైకి లేచి ఉంటే స్టాండాఫ్‌లు ఎత్తు ఎక్కువ.

పాత ఎస్‌ఎంపీఎస్‌నే వాడదామనుకుంటే ఒక చిక్కుంది. అది అడుగున కూర్చుంటే ప్రాసెసర్ పక్కన పెట్టే 4 పిన్‌ల 12 వోల్టుల వైరు పైమూలకి అందదు. ఎక్స్‌టెన్షన్ తీసుకోండి, అంతేగానీ వైరుని ఫ్యాన్ మీదుగా లాక్కురావద్దు.

రేకుపని_విశాఖ:

ఐఓ ప్లేట్ సంగతి నేను చెప్తాను. క్యాబినెట్ వెనక కిటికీ కొలత అన్ని ఏటీఎక్స్ బోర్డులకీ ఒకటే, 158.75 × 44.45 మి.మీ. మారేది లోపలి పోర్టుల అమరికే. ఒకే మోడల్లో రివిజన్ మారినా అమరిక మారొచ్చు, కాబట్టి బోర్డు మూలన ముద్రించిన రివిజన్ నంబరు కూడా రాసుకోండి. పాత సామాను షాపుకి బోర్డు మోసుకెళ్లక్కర్లేదు. పోర్టుల వరస మీద తెల్ల కాగితం పరిచి, పెన్సిల్‌ని అడ్డంగా పట్టుకుని రుద్దితే అంచులన్నీ దిగుతాయి. ఆ కాగితాన్ని ప్లేట్ల గుట్టలో ఒక్కోదాని మీదా పెట్టి చూడండి. పీఎస్/2, వీజీఏ, 25 పిన్‌ల ప్రింటర్ పోర్టు, ల్యాన్ వరస కుదిరితే ఆడియో వైపు మూడు రంధ్రాలున్నా ఆరున్నా సర్దుకోవచ్చు.

ప్లేట్ లేకపోయినా కంప్యూటర్ నడుస్తుంది, పోర్టులకి ఎర్త్ స్క్రూ రంధ్రాల గుండా అందుతుంది. కానీ మీ ఇంటికి వదిలేయొద్దనే నా మాట. లోపలి ఫ్యాన్లు గాలిని బయటకి నెట్టినకొద్దీ ఆ కిటికీ గుండా ఉప్పుతేమ లోపలికి వస్తుంది. అది ముందు పట్టేది పోర్టుల కాళ్లనే. రేడియో శబ్దాన్నీ స్టాటిక్ షాకునీ ఆపే పని కూడా ప్లేట్‌దే.

దొరక్కపోతే 0.4 మి.మీ. జీఐ రేకుతో (జింకు పూత ఉన్న ఇనుప రేకు) చేయించుకోండి. ఉప్పుగాలిలో ఇనుప క్యాబినెట్‌ని ఆనుకున్న అల్యూమినియం త్వరగా తినేసుకుంటుంది కాబట్టి అది వద్దు. కొలత 162 × 48 పెడితే నాలుగు వైపులా దాదాపు మిల్లీమీటరున్నర అంచు వస్తుంది. కిటికీ చుట్టూ 2.5 మి.మీ. ఖాళీ వదలాలన్నది ప్రమాణం, అందుకని అది దేనికీ అడ్డు రాదు. ఒక్కో రంధ్రాన్నీ పోర్టు కంటే చుట్టూ అర మిల్లీమీటరు పెద్దగా కోయించండి. కోసిన అంచులకి వార్నిష్ పూయండి, క్యాబినెట్‌కి ఆనే చోట మాత్రం పూయొద్దు. బోర్డు కంటే ముందే లోపలి నుంచి పెట్టి, మూలల్లో రాగి టేప్ అంటించండి.

కంపెనీ ప్లేటే దొరికితే, బోర్డు జరిపేటప్పుడు టార్చి వేసి చూడండి. ప్లేటుకుండే స్ప్రింగు నాలుకలు పోర్టు పైన ఆనాలి. ల్యాన్ లేదా యూఎస్‌బీ రంధ్రంలోకి దూరాయంటే పిన్‌లని షార్ట్ చేస్తాయి. చవక క్యాబినెట్ రేకు పలుచన, ప్లేట్ వదులుగా ఆడుతుంది. అక్కడ కూడా రాగి టేపే మందు.

వాల్తేరు_775:

చాలా థ్యాంక్సండి. డెల్ బోర్డు, ముందు ప్యానెల్ వైర్ల సంగతి కూడా ఎవరైనా చెబుతారా?

ఆటోనగర్_రిపేర్:

డెల్ 755 మీద డబ్బు పెట్టకండి. టవర్, డెస్క్‌టాప్ మోడళ్లలో అది బీటీఎక్స్, 2004లో ఇంటెల్ తెచ్చి తర్వాత వదిలేసిన పద్ధతి. పోర్టులూ స్లాట్లూ ఏటీఎక్స్‌కి తిరగేసి ఉంటాయి, ఏ మామూలు ట్రేకీ కుదరదు. తర్వాతి 7020, 9020 లాంటి వాటిలో పవర్ కనెక్టరే 8 పిన్‌ల సొంత రకం. 1990ల చివర డెల్ బోర్డులు ఇంకా ప్రమాదం. చూడ్డానికి మామూలు 20 పిన్‌ల ప్లగ్గే, లోపలి వైర్ల వరస వేరు. మామూలు ఎస్‌ఎంపీఎస్ తగిలిస్తే బోర్డు, ఎస్‌ఎంపీఎస్ రెండూ పోవచ్చు.

జీ41 ముందు ప్యానెల్‌కి వస్తే, పవర్ స్విచ్, రీసెట్ ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తాయి. ఎల్‌ఈడీలకే ప్లస్, మైనస్ చూడాలి. యూఎస్‌బీ హెడర్‌లో (వైరు తగిలించే పిన్‌ల గుంపు) ఖాళీగా ఉండేది 9వ పిన్. పక్కనే ఉండే కామ్ (సీరియల్) పోర్టు హెడర్‌లో ఖాళీ 10వది, పొరపాటున దాంట్లోకి తోయొద్దు. ఫైర్‌వైర్ హెడర్ ఉన్న బోర్డులైతే మరీ జాగ్రత్త, అచ్చం యూఎస్‌బీలాగే ఉండి 12 వోల్టులు ఇస్తుంది, పెన్‌డ్రైవ్ కాలిపోతుంది. కొత్త క్యాబినెట్‌కి 19 పిన్‌ల యూఎస్‌బీ 3.0 వైరు వస్తే 19 నుంచి 9 పిన్‌లకి మార్చే అడాప్టర్ కొనండి. వేగం మాత్రం 2.0దే ఉంటుంది.